ఉదర వ్యాయామానికి లెక్క నేర్పిన స్వామి కువలయానంద

సికింద్రాబాద్ నుంచి పుణె మీదుగా ముంబై వెళ్ళే రైళ్ళు, ఘాట్ దిగే ముందు లోనావ్లా అనే చిన్న ఊరు దాటి వెళతాయి. కిటికీ పక్కన కూర్చున్నవారు కొండలను, వానాకాలమైతే జలపాతాలను చూస్తూ, వీలైతే నాలుగు చిక్కీ పొట్లాలు కొనుక్కుని ముందుకు సాగిపోతారు. ఆ ఊళ్ళో 1924లో వెలసిన కైవల్యధామ అనే ఆశ్రమం గురించి మనలో తెలిసినవారు తక్కువే. యోగాసనాలకు ఎక్స్‌రే యంత్రాన్నీ, ఒత్తిడి కొలిచే గొట్టాన్నీ జోడించి, ఏది ఎన్నిసార్లు చేయాలి, ఎంతసేపు నిలపాలి, ఎంత విశ్రమించాలి అన్న లెక్క తేల్చడానికి జీవితాన్ని వెచ్చించిన స్వామి కువలయానంద కర్మక్షేత్రం అది.

ఈ ప్రత్యేక సంచికలో ఆయనను తలచుకోవడానికి ఒక కారణం ఉంది. ముప్ఫై అయిదేళ్ళు కుర్చీలో కూర్చుని పని చేసినవారికి పదవీ విరమణ నాటికి పొట్ట ముందుకు వస్తుంది. తీరిక దొరకగానే దాన్ని తగ్గించాలన్న పట్టుదల పుడుతుంది. పార్కులో ఎవరో చేస్తున్నారని చూసి, మొదటి రోజే యాభై సార్లు లేచి కూర్చుని, మూడో రోజుకు నడుము పట్టేసి మంచమెక్కేవారు ప్రతి పేటలోనూ ఉంటారు. వారిలో లోపించేది శ్రద్ధ కాదు, లెక్క. ఆ లెక్క గురించి స్వామీజీ నూరేళ్ళ కిందటే ఆలోచించారు.

బాల్యం, విద్య

స్వామీజీ అసలు పేరు జగన్నాథ గణేశ్ గుణే. 1883 ఆగస్టు 30న బరోడా సమీపంలోని దభోయి గ్రామంలో ఒక సామాన్య మరాఠీ కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, కష్టాల మధ్య చదువుకున్నారు. సంస్కృతంలో ఆయన ప్రతిభ అసాధారణం. 1903లో మెట్రిక్యులేషన్ పరీక్షలో సంస్కృతానికిచ్చే జగన్నాథ శంకర్‌శేట్ ఉపకార వేతనం సంపాదించారు. ఆ కాలంలో బొంబాయి రాష్ట్రంలో అది ఎంతో గౌరవంగా భావించబడిన బహుమతి. దాని ఆసరాతో బరోడా కళాశాలలో చేరారు.

అప్పట్లో ఆ కళాశాలలో అరవిందులు అధ్యాపకులుగా ఉండేవారు. ఒక పక్క అరవిందుల ప్రభావం, మరో పక్క లోకమాన్య తిలక్ రగిల్చిన స్వరాజ్య భావన ఈ యువకుణ్ణి కదిలించాయి. పెళ్ళి చేసుకోకుండా దేశసేవకు జీవితాన్ని అంకితం చేయాలని ఆయన యౌవనంలోనే నిశ్చయించుకున్నారు. దేశానికి బలమైన మనుషులు కావాలి, బలానికి వ్యాయామం కావాలి అన్నది ఆ తరం యువకుల నమ్మకం. మన వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు గారి బల ప్రదర్శనలు దేశమంతా మారుమోగిన కాలం కూడా అదే.

తాలింఖానా నుంచి యోగాభ్యాసానికి

1907 నుంచి 1910 వరకు జగన్నాథ గుణే బరోడాలోని జుమ్మాదాదా వ్యాయామశాలలో రాజరత్న మాణిక్‌రావు గారి వద్ద శిక్షణ పొందారు. మాణిక్‌రావు దేశీయ వ్యాయామ విద్యలో పేరెన్నికగన్న గురువు. మన పక్క తాలింఖానాల్లో లాగే అక్కడా దండీలు, బస్కీలు, కర్రసాము, మల్లయుద్ధం వంటివన్నీ నేర్పేవారు. క్రమశిక్షణ, నియమబద్ధమైన సాధన ఆయనకు అక్కడే అలవడ్డాయి. తాలింఖానా పద్ధతిలో బలం పెరిగేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. వందలకొద్దీ దండీలు తీయడం గొప్పగా చెప్పుకునే విషయం. వయసులో ఉన్న వస్తాదుకు అది సరిపోతుంది. గుమాస్తాకు, బడిపంతులుకు, రోగికి, ముసలివారికి ఏ లెక్క సరిపోతుందన్నది తర్వాతి కాలంలో ఆయన ముందుకు వచ్చిన ప్రశ్న.

తర్వాత ఆయన ఖాందేశ్ ప్రాంతంలోని అమల్నేరులో విద్యారంగంలో పనిచేశారు. 1916 నుంచి అక్కడి నేషనల్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. తర్వాత ఆ కళాశాల మూతపడింది. ఆయన ఉద్యోగ జీవితం అలా ముగిసింది.

ఆ లోపునే ఆయన జీవితం మలుపు తిరిగింది. 1919లో నర్మదా తీరాన మాల్సర్ అనే ఊళ్ళో పరమహంస మాధవదాసు మహారాజ్ అనే వయోవృద్ధ యోగి దర్శనమైంది. ఆయన వద్ద గుణే గారు ఆసనాలు, ప్రాణాయామం, శుద్ధి క్రియలు నేర్చుకున్నారు. అభ్యాసం వల్ల శరీరంలో, మనస్సులో కలిగే మార్పులు స్వయంగా అనుభవించారు. అయితే అనుభవంతో ఆయన తృప్తి పడలేదు. ఇది లోపల ఎలా జరుగుతోంది, శాస్త్రంలో చెప్పిన కారణమే నిజమైన కారణమా అన్న సందేహం ఆయనను వదల్లేదు.

ఎక్స్‌రే గదిలో యోగి

1920, 1921 ప్రాంతాల్లో ఆయన బరోడా ఆసుపత్రి వైద్యుల సహకారంతో తొలి ప్రయోగాలు చేశారు. పరీక్షకు ఎంచుకున్నవి రెండు, రెండూ ఉదరానికి సంబంధించినవే: ఉడ్డీయాన బంధం, నౌళి.

ఉడ్డీయానంలో ఊపిరిని పూర్తిగా వదిలేసి, బయటి గాలిని లోపలికి రానీయకుండా, ఊపిరి పీలుస్తున్నట్టుగా ఛాతీని మాత్రం విప్పుతారు. అప్పుడు ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే ఉదరవితానం అనే కండరపు పొర పైకి పోతుంది. పొట్ట వెన్నుకు అంటుకున్నట్టు లోపలికి వెళ్ళిపోతుంది. ఆ స్థితిలోనే పొట్ట ముందు భాగాన నిలువుగా ఉండే రెండు కండరాలను మాత్రం బిగించి స్తంభంలా ముందుకు తేవడం నౌళి. చూసేవారికి కడుపులో ఏదో కదులుతున్నట్టు కనిపిస్తుంది. అందుచేత దానికి మహిమలు అంటగట్టేవారికి కొదవ ఉండేది కాదు.

జీర్ణాశయం, పేగులు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించడానికి ఉపయోగపడే బేరియం ఇచ్చి, ఈ రెండు క్రియలు చేస్తుండగా చిత్రాలు తీశారు. తర్వాత లోనావ్లాలో ఒత్తిడి కొలిచే గొట్టంతో మరో పరీక్ష జరిగింది. నౌళి చేసినప్పుడు పెద్దపేగులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తగ్గిపోతుందని తేలింది. హఠయోగులు బస్తి క్రియలో నీటిని పేగులోకి ఎలా లాగుతారన్న చిరకాల ప్రశ్నకు దీంతో సమాధానం దొరికింది. వాయువులను వశం చేసుకోవడమనే వివరణ అవసరం లేకుండానే, కండరాల వల్ల ఏర్పడే పాక్షిక శూన్యమే నీటిని లాగుతుందని ఆయన నిరూపించారు. దానికి తన గురువు పేరు మీద మాధవదాస శూన్యం అని పేరు పెట్టారు.

ఈ నామకరణంలో ఆయన స్వభావం తెలుస్తుంది. గురువు నేర్పిన క్రియను గౌరవించారు. దానికి లోకం చెప్పుకునే కారణాన్ని మాత్రం పరీక్షకు పెట్టి, నిలవనిదాన్ని పక్కన పెట్టారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం ఏ కాలంలోనైనా అరుదు.

లోనావ్లాలో కైవల్యధామ

1924 అక్టోబరులో లోనావ్లాలో కైవల్యధామ ప్రారంభమైంది. అదే సంవత్సరం యోగ మీమాంస అనే ఇంగ్లీషు త్రైమాసిక పత్రిక వెలువడింది. అందులో ప్రయోగ వివరాలకు ఒక విభాగం, సామాన్య పాఠకులు సాధన చేసుకోవడానికి మరో విభాగం ఉండేవి. యోగవిద్య అంటే గురుముఖతః రహస్యంగా అందేది అన్న భావన బలంగా ఉన్న రోజుల్లో, కొలతలను, ఛాయాచిత్రాలను అచ్చువేసి అందరి ముందు పెట్టడం చిన్న సాహసం కాదు. సంప్రదాయవాదులకు ప్రయోగశాల నచ్చదు, శాస్త్రజ్ఞులకు యోగం నచ్చదు. ఆయన ఇద్దరి మధ్యా నిలబడ్డారు. 1926లో శీర్షాసనం, సర్వాంగాసనం వంటి వాటిలో రక్తపోటు ఎలా మారుతుందో పరీక్షించి ఆ ఫలితాలనూ ప్రకటించారు.

1931లో ఆసనాలపైన, ప్రాణాయామంపైన ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. 1932లో బొంబాయిలో ఆశ్రమ శాఖ ఏర్పడింది. తర్వాత చౌపాటీ సముద్ర తీరాన యోగ ఆరోగ్య కేంద్రం నెలకొంది. ఆఫీసులకు వెళ్ళే నగరవాసులు ఉదయం, సాయంత్రం వచ్చి నేర్చుకునే వీలు కలిగింది. తిరువాన్కూరు ప్రాంతం నుంచి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి పరిశోధన చేస్తున్న కోవూర్ బెహనన్ 1930ల ఆరంభంలో లోనావ్లా వచ్చి, స్వామీజీ వద్ద అభ్యసించి, 1937లో యోగంపై శాస్త్రీయ దృష్టితో ఒక గ్రంథం ప్రచురించారు.

మూడు నుంచి ఏడు

స్వామీజీ గ్రంథంలో సామాన్య సాధకుడికి అన్నిటికన్నా ఉపయోగపడే భాగం అభ్యాస పట్టిక. ప్రతి ఆసనానికి ఎంతతో మొదలుపెట్టాలి, ఎంత చొప్పున పెంచాలి, ఎక్కడ ఆపాలి అన్న మూడు విషయాలూ అందులో ఉంటాయి.

ఉదర కండరాలపై పనిచేసే భుజంగాసనం, శలభాసనం, ధనురాసనం, పశ్చిమోత్తానాసనం వంటి వాటికి ఆయన నిర్ణయించిన సంఖ్య మూడు నుంచి ఏడు. ఉడ్డీయానానికీ, నౌళికీ అంతే. ముందు మూడుసార్లు చేయాలి. ఒక్కొక్కసారి కొన్ని సెకన్లు మాత్రమే నిలపాలి. శరీరం దానికి అలవాటు పడ్డాక వారానికో, పక్షానికో ఒకటి చొప్పున కలుపుకుంటూ పోవాలి. ఏడు దగ్గర ఆగిపోవాలి. అంటే మూడు నుంచి ఏడుకు చేరడానికే ఒకటి రెండు నెలలు పడుతుంది. తాలింఖానాలో పెరిగిన మనిషి ఇంత చిన్న సంఖ్యలు సూచించడం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

దాని వెనుక ఆలోచన ఉంది. పొట్ట కండరాలకు బలమూ కావాలి, సాగే గుణమూ కావాలి. వెనక్కి వంగే ఆసనాల్లో అవి సాగుతాయి. ముందుకు వంగే ఆసనాల్లో ముడుచుకుంటాయి. ఈ రెండు రకాలనూ ఒకే వరుసలో చేర్చినప్పుడు కండరం ఒకే పనిని పదేపదే చేసి అలిసిపోదు. అందుచేత ఒక్కో ఆసనంలో సంఖ్య తక్కువైనా మొత్తం మీద పొట్టకు తగినంత పని దొరుకుతుంది. అలాగే చివరి ఆవృత్తి కూడా మొదటి ఆవృత్తి అంత శుద్ధంగా ఉండాలి. కండరం అలిసిన తర్వాత చేసేది పొట్ట చేయదు. మెడ, నడుము ఆ భారం మోస్తాయి.

ఆయన పెట్టిన మరో నియమం గమనించదగ్గది. సాధన పూర్తయ్యేసరికి మనిషి అలిసిపోకూడదు. చేసినవాడు ఉత్సాహంగా లేవాలి. ఎవరి బలాన్ని బట్టి వారు కొలత తగ్గించుకోవాలి. జబ్బు చేసో, ప్రయాణం వల్లో కొన్నాళ్ళు మానేస్తే, మానిన చోటి నుంచి కాకుండా తక్కువ కొలతతో తిరిగి మొదలుపెట్టాలి. శలభాసనంలో రెండు కాళ్ళూ కలిపి లేపలేనివారు ఒక్కొక్క కాలు లేపే అర్ధ శలభాసనంతో సరిపెట్టుకోవాలి. బలహీనుడికీ ఒక మెట్టు చూపించడం ఆయన పద్ధతి.

విశ్రాంతికీ లెక్కలో చోటు

సాధారణంగా వ్యాయామం అనగానే చేసినదాన్నే లెక్కపెడతాం. మధ్యలో ఆగిన సమయం లెక్కలోకి రాదు. స్వామీజీ పట్టికలో విశ్రాంతికీ ఒక స్థానం ఉంది. ప్రతి ఆవృత్తి తర్వాత బిగించిన కండరాన్ని పూర్తిగా వదిలి, ఊపిరి మామూలు స్థితికి వచ్చాకే తర్వాతిది మొదలుపెట్టాలి. ఉడ్డీయానంలో ఇది మరీ ముఖ్యం. ఊపిరి బయటే ఆపి ఉంచుతాం గనుక, ఆయాసంతో రెండోది మొదలుపెడితే గుండె మీద భారం పడుతుంది.

ఆసనాల వరుసకు శవాసనం ముగింపు. దానికి ఆయన రెండు నిమిషాల నుంచి పది నిమిషాల వరకు కేటాయించారు. చూసేవారికి పడుకున్నట్టే ఉంటుంది గానీ, పాదాల నుంచి తల వరకు ఒక్కొక్క భాగాన్నీ గమనించి బిగువు వదిలించడం సాధనతోనే వస్తుంది. అందుకే దానికి కూడా కొద్ది సమయంతో మొదలుపెట్టి పెంచుకునే పద్ధతి పెట్టారు. ఆసనాలకు, చెమట పట్టే కసరత్తుకు మధ్య కనీసం ఇరవై నిమిషాల వ్యవధి ఉండాలని కూడా ఆయన సూచించారు.

ఈ మాటలకు నేటి శరీరశాస్త్రం మద్దతు ఉంది. కండరం గట్టిగా బిగిసినప్పుడు అందులో నిల్వ ఉన్న తక్షణ శక్తి కొద్ది సెకన్లలోనే ఖర్చయిపోతుంది. అది తిరిగి సమకూరడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఊపిరి బిగబట్టి శ్రమిస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. వయసు మళ్ళినవారికి కోలుకోవడం మరింత నెమ్మది. కాబట్టి ఆగడం బద్ధకం కిందికి రాదు.

స్వామీజీ మరణించిన మూడేళ్ళకు, 1969లో, బొంబాయి హృద్రోగ నిపుణులు డాక్టర్ కె.కె. దాతే, సహచరులు అధిక రక్తపోటు రోగులపై శవాసనం ప్రభావాన్ని పరిశీలించి ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. చాలామందిలో రక్తపోటు తగ్గడమో, మందుల మోతాదు తగ్గించగలగడమో జరిగిందని తెలిపారు. వైద్యుల పర్యవేక్షణలో జరిగిన పని అది. సొంతంగా మందులు మానడానికి దాన్ని ఆధారం చేసుకోరాదు.

గాంధీజీకి సలహాలు

1927 మార్చిలో పర్యటనలో ఉండగా గాంధీజీ రక్తపోటు హెచ్చి అస్వస్థులయ్యారు. వైద్యులు పర్యటన ఆపించారు. మైసూరు సంస్థానంలోని నంది కొండ మీద ఆయన విశ్రాంతి తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 57. ఆ కాలంలో గాంధీజీకి, స్వామీజీకి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు జరిగాయి. తాను ఏ అభ్యాసం చేస్తున్నదీ, శరీరస్థితి ఎలా ఉన్నదీ గాంధీజీ రాసేవారు. స్వామీజీ సలహాలు పంపేవారు.

ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఉంది. దేశమంతా ఎదురుచూస్తున్న నాయకుడికైనా, ఆ వయసులో, ఆ ఆరోగ్య స్థితిలో సాధన అంటే శరీరం చెప్పేది వింటూ నడవడమే. ఎంత గొప్ప సంకల్పబలం ఉన్నా రక్తపోటు దాన్ని లెక్కచేయదు. మోతీలాల్ నెహ్రూ వంటి ప్రముఖులు కూడా స్వామీజీ సలహాలు పొందారు. అయినా ఆయన తన పేరు చుట్టూ మహిమలు అల్లనివ్వలేదు.

బడి పిల్లలకు, రోగులకు

స్వామీజీ దృష్టి ప్రముఖుల మీదే ఆగిపోలేదు. 1930లలో పాఠశాలల్లో పిల్లలు గుంపుగా చేయదగిన యోగ వ్యాయామాలను రూపొందించి, యౌగిక సంఘ వ్యాయామం అనే పుస్తకంగా తెచ్చారు. డ్రిల్లు మాస్టారు అంకెలు చెబుతుంటే పిల్లలంతా ఒకేసారి ఆసనంలోకి వెళ్ళడం, నిలపడం, వదలడం అందులోని పద్ధతి. వదిలే అంకె కూడా ఆదేశంలో భాగమే. బొంబాయి ప్రభుత్వం వ్యాయామ విద్యపై నియమించిన సంఘాల్లో కూడా ఆయన పనిచేశారు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, 1950లో, కైవల్యధామలో యోగ కళాశాల ఏర్పడింది. అక్కడ శిక్షణ పొందినవారు దేశంలో ఇతర చోట్లకు వెళ్ళి యోగాధ్యాపకులయ్యారు. 1960ల ఆరంభంలో ఆశ్రమానికి అనుబంధంగా యోగ చికిత్సాలయం కూడా నెలకొంది. ఉబ్బసం, మలబద్ధకం వంటి దీర్ఘకాలిక సమస్యలతో వచ్చినవారికి, ఎవరి పరిస్థితిని బట్టి వారికి అభ్యాసం నిర్ణయించేవారు.

1966 ఏప్రిల్ 18న, తన 83వ ఏట, స్వామి కువలయానంద తనువు చాలించారు. శిష్యులు స్వామి దిగంబర్‌జీ ఆశ్రమ బాధ్యతలు స్వీకరించారు. 2024లో కైవల్యధామకు నూరేళ్ళు నిండాయి. యోగ మీమాంస పత్రిక కూడా వందేళ్ళ మైలురాయి చేరింది.

మనకు పనికివచ్చేది

స్వామీజీ పట్టికను యథాతథంగా తీసుకుని రేపటి నుంచి ఆచరించమని చెప్పడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. అది ఆరోగ్యవంతులను దృష్టిలో ఉంచుకుని రాసినది. ఉడ్డీయానం, నౌళి అధిక రక్తపోటు, గుండె జబ్బు, గిలక (హెర్నియా), కడుపులో పుండు, గ్లాకోమా ఉన్నవారు, పొట్టకు ఆపరేషన్ అయినవారు చేయరాదు. పదవీ విరమణ చేసినవారిలో ఈ జాబితాకు బయట మిగిలేవారు ఎందరో ఎవరికి వారే చూసుకోవాలి.

ఎముకలు గుల్లబారినవారు మరో విషయం తెలుసుకోవాలి. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, బహిష్టులు ఆగిపోయి వెన్నెముక గుల్లబారిన స్త్రీలపై ఒక పరిశీలన ప్రకటించారు. ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. వెన్ను నిటారుగా చేసే వ్యాయామాలు చేసినవారిలో అది 16 శాతమే. పరిశీలించిన వారి సంఖ్య చిన్నదే అయినా, హెచ్చరిక పెద్దది. పడుకుని లేచి కూర్చునే వ్యాయామం, పశ్చిమోత్తానాసనం, హలాసనం ఇలాంటివారికి తగవు. ఇంట్లో తల్లి, అత్తగారు, అమ్మమ్మ టీవీ చూసి ఇవి చేస్తుంటే పిల్లలు ఈ మాట వారి చెవిన వేయాలి.

అయితే మనం తీసుకోదగింది ఏమిటి? స్వామీజీ లెక్క వెనుక ఉన్న పద్ధతి. వైద్యుడు సరేనన్న తేలికైన వ్యాయామం ఒకటి ఎంచుకోవాలి. ఉదాహరణకు, చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి బిగించడం. ఊపిరి ఆపకుండా, ఒకటి నుంచి అయిదు వరకు పైకి లెక్కపెట్టాలి. నోటితో లెక్కపెడితే ఊపిరి బిగబట్టడం కుదరదు. తర్వాత పూర్తిగా వదిలి, తీరిగ్గా రెండు మూడు సార్లు ఊపిరి పీల్చి వదలాలి. ఇది ఒకసారి. మొదటి వారం మూడుసార్లు చాలు. వారానికి ఒకటి పెంచుకుంటూ ఏడుకు చేరాక, ఇంకా శక్తి ఉందనిపిస్తే రెండు నిమిషాలు విశ్రమించి మరో విడత మూడుతో మొదలుపెట్టవచ్చు. చివర అయిదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. లేచేటప్పుడు ఒక పక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో నెమ్మదిగా లేవాలి.

భోజనం చేసిన వెంటనే వద్దు. నొప్పి, కళ్ళు తిరగడం, ఛాతీలో బరువు అనిపిస్తే ఆపేసి వైద్యుడిని కలవాలి. జ్వరం వచ్చి వారం మానేస్తే మళ్ళీ మూడు దగ్గరికే రావాలి. దాన్ని చిన్నతనంగా భావించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 65 ఏళ్ళు దాటినవారు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, మూడు రోజులు తూలిపడకుండా నిలబెట్టే వ్యాయామం చేయాలి. నడక ఎలాగూ ఉండాలి. పొట్ట వ్యాయామం వల్ల పొట్ట మీది కొవ్వు మాత్రమే ప్రత్యేకించి కరగదు. అది తగ్గడానికి నడక, మితాహారం కావాలి. పొట్ట కండరాలు బలపడితే దక్కేది నడుముకు ఆసరా, లేచి కూర్చోవడంలో సులువు, తూలినప్పుడు నిలదొక్కుకునే శక్తి. మన వయసులో ఇవి చిన్న లాభాలు కావు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనం నెలకు ఒకటో తేదీనో, ముప్ఫయ్యో తేదీనో లెక్క ముగించి సంతకం పెట్టి లేచేవాళ్ళం. ఎక్కువ రాసినా తప్పే, తక్కువ రాసినా తప్పే. శరీరం కూడా అలాంటి లెడ్జరే. స్వామి కువలయానంద అందులో జమ, ఖర్చులతో పాటు విశ్రాంతికి కూడా ఒక గడి గీసి ఇచ్చారు. ఆ గడిని ఖాళీగా వదలకుండా నింపుకుంటే, ఆయన శ్రమలో మన వంతు ఫలం మనకు దక్కుతుంది.